ముందు కుర్చీ కొండవైపు తిప్పండమ్మా

ఉత్తరం:

అన్నా, నమస్తే. తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న ఫోటో స్టూడియో. మా ఆయన ఫోటోలు తీస్తాడు, నేను కరిష్మా రకం పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. తిరుమలలో, తిరుచానూరులో జరిగే పెళ్లిళ్లే మాకు బతుకుతెరువు. ముహూర్తాలున్న నెలల్లో రాత్రి 11 దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటాను. పోయిన శ్రావణంలో ఒక ఆల్బమ్ మొత్తం నల్లగా వచ్చింది. "మా పాప మెరూన్ పట్టుచీర మాడిపోయినట్టుందే" అని పెళ్లికూతురి తల్లి కండ్లనీళ్లు పెట్టుకుంది. మళ్లీ ప్రింటు వేయించడానికి డబ్బు మా చేతి నుంచే పోయింది. నా పాత ల్యాప్‌టాప్ అద్దం మాదిరి మెరిసే రకం, 6 ఏళ్లయింది. ఇప్పుడు చీటీ ఎత్తినాం, 80 వేల లోపల కొత్తది కొనాలి. అంగట్లో రెండు చూపించినారు. ఒకటి గ్లాసీ ఓలెడ్, అంటే మెరిసే తెర. ఇంకొకటి మ్యాట్ ఐపీఎస్, మెరుపు లేనిది. "ఫోటో పనికి గ్లాసీనే మేడం, రంగులు చూడండి" అంటాడు అంగడాయన. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా మరిది "మ్యాటే తీసుకో వదినా, గ్లాసీ అయితే కండ్లు పోతాయి" అంటాడు. మా అంగడిది పడమటి వాకిలి, ముందంతా అద్దమే. నేను తూర్పు మొహంగా కూర్చుంటాను. మధ్యాహ్నం తర్వాత ఏమీ కనపడక బ్రైట్‌నెస్ ఫుల్లు పెట్టుకుంటాను. సాయంత్రానికి కండ్లు ఒకటే మంట. నాకు 43 ఏళ్లు. గ్లాసీ కొని పైన మ్యాట్ షీటు అంటించుకుంటే రెండూ కలిసొస్తాయా? పాతదాన్ని ఎంతకొస్తే అంతకు అమ్మేయమంటారా?

– ఒక సోదరి, తిరుపతి

సమాధానం:

అమ్మా,

మ్యాట్ తీసుకోండి. మీ పనికీ మీ అంగడికీ అదే సరైనది. ఎందుకో వివరంగా రాస్తాను. కానీ చీటీ డబ్బులో ఒక్క రూపాయి తీయకముందే మీరు చేయాల్సిన పని ఒకటుంది. అది మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన మాటలోనే ఉంది: పడమటి వాకిలి, ముందంతా అద్దం, తూర్పు మొహంగా కూర్చుంటాను. అంటే వాకిలి మీ వీపు వెనక ఉంది. వీపు వెనక ఉన్నదంతా స్క్రీన్‌కు ఎదురుగా ఉన్నట్టే. పొద్దు వాలేకొద్దీ ఆ వీధంతా వచ్చి మీ పెళ్లి ఫోటోల మీద కూర్చుంటోంది.

రేపు మధ్యాహ్నం 3 గంటలకు ఒక పని చేయండి. ల్యాప్‌టాప్ మూయకుండా ఆపేసి, రోజూ కూర్చునే చోటే కూర్చుని ఆ నల్లటి తెరలోకి చూడండి. ఆటోలు పోతుంటాయి, ఎదుటి అంగడి బోర్డు కనిపిస్తుంది, మీ జాకెట్ రంగు కనిపిస్తుంది. తెర వెలిగించినాక ఇవేవీ ఎక్కడికీ పోవు. ఫోటో మీద పల్చగా పరుచుకొని అక్కడే ఉంటాయి. మన కళ్లు ఫోటోకు అలవాటు పడి వాటిని పట్టించుకోవు. చీర మడతలో నీడను సరిచేస్తున్నామని మీరు అనుకుంటుంటారు. మీ కంటికి అందుతున్నది మాత్రం నీడా, దానితో కలిసిపోయిన వీధీ.

తిరుపతిలో స్వామి పటం లేని అంగడి ఉండదు. అద్దం కట్టిన పటం మీద ట్యూబ్‌లైటు తెల్లటి గీతలాగా పడి స్వామి మొహాన్ని కప్పేస్తుంటే, మనం ఒక అడుగు పక్కకు జరిగి దండం పెట్టుకుంటాం. గ్లాసీ తెర అచ్చం ఆ పటమే. నున్నటి అద్దం మీద ఎదురుగా పడిన వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి వస్తుంది, అదీ ఆకారం చెదరకుండా. మ్యాట్ తెర పైపొరను కంటికి కనపడనంత సన్నగా గరుకు చేసి ఉంటారు. దాని మీద పడిన వెలుగు కూడా వెనక్కే వస్తుంది, కాకపోతే నాలుగు దిక్కులకూ చెదిరిపోయి వస్తుంది. ఆటో ఆకారం పోయి పల్చటి మంచులాంటిది మిగులుతుంది. మ్యాట్ పొర వెలుగును మింగదు, పరుస్తుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ ఈ మాట దగ్గరికి వస్తాను.

4 శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. తెర వెలుగును నిట్స్ అనే కొలతలో చెబుతారు. మామూలు ల్యాప్‌టాప్ ఫుల్లు పెడితే 250 నుంచి 300 నిట్స్. మన ఎండలో సిమెంటు రోడ్డు వెలుగు కొన్ని వేల నిట్స్ ఉంటుంది, 5,000 అనుకుందాం. అందులో 4 శాతం 200. మీ తెరలో తెల్లటి పట్టుపంచె ఎంత వెలుగుతుందో, దాని మీద పడిన రోడ్డు బొమ్మ కూడా ఇంచుమించు అంత వెలుగుతుందన్నమాట. తెలుపు ఎట్లో తట్టుకుంటుంది, నలుపు తట్టుకోలేదు. ఐపీఎస్ తెర వెనక ఎప్పుడూ దీపం వెలుగుతుంటుంది కాబట్టి, మంచి ఐపీఎస్‌లో కూడా నలుపు 0.3 నిట్స్ దగ్గర ఉంటుంది. దాని మీద 200 నిట్స్ రోడ్డు పడితే పెళ్లికొడుకు కోటు, పెళ్లికూతురి జడ, మెరూన్ పట్టు మడతల్లో నీడ, అన్నీ ఒకటే బూడిద ముద్ద.

అంగడాయన మీకు ఓలెడ్‌లో నలుపు చూపించి ఉంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనకు తానే వెలుగుతుంది కాబట్టి నల్లటి చుక్క పూర్తిగా ఆరిపోతుంది, వెలుగు 0. చీకటి గదిలో దానికి సాటి లేదు. మీ అంగట్లో మధ్యాహ్నం మాత్రం 0కి 200 కలిపినా 200, 0.3కి 200 కలిపినా దాదాపు 200. డబ్బు పోసి కొన్న ఆ నలుపును వీధి ఒక్క క్షణంలో కడిగేస్తుంది.

అందుకే ముందు కుర్చీ తిప్పమంటున్నాను. తూర్పు మొహం వాస్తు కోసమే అయ్యుంటుంది. దాన్ని వదులుకోమని చెప్పను. వాస్తు చెప్పేవాళ్లు తూర్పుతో పాటు ఉత్తరం కూడా మంచిదంటారు కదా, ఉత్తరం తీసుకోండి. తిరుపతిలో ఉత్తరమంటే దిక్సూచి అక్కర్లేదు, కొండవైపు. కొండవైపు మొహం పెట్టి కూర్చుంటే వాకిలి మీ ఎడమ చేతి పక్కకు వస్తుంది. వీధి వెలుగు తెర ముందు నుంచి కాకుండా పక్క నుంచి జారిపోతుంది. కస్టమరు లోపలికి వస్తే తల కొంచెం తిప్పితే చాలు, ఇప్పుడైతే వీపు చూపిస్తున్నారు. ఇక మీ వెనక ఉండేది దక్షిణం గోడ. ఇంటి లోపలి గోడ 50 నిట్స్ వెలుగుతుందనుకున్నా అందులో 4 శాతం 2. 200 పోయి 2 అయింది. ఏ కంపెనీ ఏ పూత పూసినా ఇంత మార్పు రాదు.

ఆ దక్షిణం గోడ మీద ఏముందో కూడా చూసుకోండి. స్టూడియో కాబట్టి అద్దం కట్టిన శాంపిల్ ఫ్రేములు, బంగారు అంచులు, బహుశా గులాబీ రంగో చిలకపచ్చో పెయింటు ఉంటుంది. ఫ్రేములను ఇంకో గోడకు మార్చి, ఆ గోడకు ఏ రంగు ఛాయా లేని బూడిద పెయింటు వేయించండి. పెయింటు కుదరకపోతే బూడిద రంగు కర్టెన్ అయినా సరే. రంగుల పనిలో తలపండినవాళ్లు డిజైన్ చేసే గంటల్లో తెల్ల బట్టలు, కొట్టొచ్చే రంగులు వేసుకోరు. తెరకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది మన బట్టలే. ట్యూబ్‌లైటు మీ తలకు సరిగ్గా వెనక ఉంటే దాన్నీ జరిపించండి.

(ఇంట్లో పని చేసే పాఠకులకు ఒక మాట. ఉత్తరం కిటికీ వెలుగు రంగుల పనికి మంచిదని చల్లని దేశాల వాళ్లు చెబుతారు. అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణంగానే ఉంటాడు. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మనకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, పొద్దున సాయంత్రం ఉత్తరం కిటికీలోకి ఎండ కొడుతుంది. ఆ నెలల్లో ఉత్తరం కిటికీకీ తెర కట్టాల్సిందే.)

ఇప్పుడు నల్లబడిన ఆల్బమ్ సంగతి. ల్యాబువాళ్లను మీరు తిట్టుకొని ఉంటారు. వాళ్ల తప్పు ఎంతో నాకు తెలీదు గానీ, మీరు రాసిన "బ్రైట్‌నెస్ ఫుల్లు" ఒక్కటే చాలు ఆల్బమ్‌ను నల్లగా చేయడానికి. కాగితానికి సొంత వెలుగు లేదు. 500 లక్స్ వెలుగు పడే టేబుల్ మీద తెల్ల ఆల్బమ్ షీటు సుమారు 140 నిట్స్ వెలుగుతుంది. మీ తెర ఫుల్లులో 300. రెట్టింపు వెలుగులో చూసి, "చీర చక్కగా కనపడుతోంది, ఇంక పెంచక్కర్లేదు" అని వదిలేసినారు. ఫైలులో చీర ముదురుగానే ఉండిపోయింది. కాగితం ఆ ఫైలులో ఉన్నదే చూపించింది. ప్రతిబింబం వల్ల మీరు బ్రైట్‌నెస్ పెంచినారు, బ్రైట్‌నెస్ వల్ల ఫైలు ముదురుగా మిగిలింది. ఆ తల్లి కళ్లనీళ్లకు మొదలు మీ పడమటి వాకిలి దగ్గరుంది.

నాకూ ఇట్లాంటిది జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట చిత్తూరులో ఒక ప్రెస్సులో డిజైన్ పని చేసేవాణ్ణి. మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్లు మాకు సీజన్ పని. ఒక లేబుల్ మీద మామిడికాయ వెనక ముదురాకుపచ్చ ఆకుల గుత్తి ఉంది. నా వెనక కిటికీ, ముందు మెరిసే తెర. ఆకులు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయని నలుపు పెంచినాను, మళ్లీ పెంచినాను. ప్రింటయి వచ్చినప్పుడు మామిడికాయ బంగారంలాగా ఉంది, వెనక ఆకులు బొగ్గు కుప్పలాగా ఉన్నాయి. ఈనెలు ఒక్కటీ కనపడలేదు. మిషన్ మీద సిరా ఎక్కువైందని మిషన్ ఆపరేటరుతో వాదన పెట్టుకున్నాను. ఆయన ఏం మాట్లాడకుండా నా కుర్చీలో కూర్చుని, తెరలో కనిపిస్తున్న కిటికీ ఊచలను వేలితో లెక్కపెట్టి చూపించినాడు. ఆ రోజు నుంచి నేను ఏ ఆఫీసుకు పోయినా ముందు ఆపేసిన తెరలోకి చూస్తాను.

కుర్చీ తిప్పినాక బ్రైట్‌నెస్ దించండి. ఎంతకు దించాలంటే, ఏమీ ప్రింటు కాని తెల్ల ఆల్బమ్ షీటును ల్యాప్‌టాప్ పక్కన మీ ట్యూబ్‌లైటు కింద పెట్టండి. తెర మీద ఒక ఖాళీ తెల్ల పేజీ తెరవండి. రెండు తెలుపులూ ఒకటే అనిపించే దాకా తగ్గించండి. మొదటి రెండు రోజులు తెర మరీ మసకగా ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత కన్ను అలవాటు పడుతుంది. వెలుగును తనకు తానే మార్చుకునే సెట్టింగులు, రాత్రిపూట తెరను పసుపు చేసే నైట్ లైట్, రెండూ ఆపేయండి. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారినప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు వెలుగు తగ్గిస్తాయి, కొన్ని కాంట్రాస్ట్ కూడా మారుస్తాయి. కాబట్టి కరెంటు లేనప్పుడు పేజీలు పేర్చుకోండి, పేర్లు టైపు చేసుకోండి, రంగుల జోలికి మాత్రం పోవద్దు.

ఇంక గ్లాసీ, మ్యాట్ తగాదా. "గ్లాసీలో రంగులు బాగుంటాయి" అన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో చెబితే మీకు సగం గందరగోళం తీరిపోతుంది. తక్కువ ధరలో వచ్చే ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చాలావరకు మ్యాట్ తెరవే, వాటిలో చాలావాటికి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అనే నాసి ప్యానెల్ వేస్తారు. ఫోటోలకు మామూలుగా వాడే రంగుల పరిధిని ఎస్‌ఆర్‌జీబీ అంటారు, ఆ ప్యానెల్ అందులో మూడింట రెండు వంతులు కూడా చూపించదు. కుంకుమ ఇటుకపొడిలాగా, చిలకపచ్చ ఎండుగడ్డిలాగా కనిపిస్తాయి. దాని పక్కన ఖరీదైన గ్లాసీ ఓలెడ్ పెట్టి "చూడండి మేడం" అంటే ఎవరైనా గ్లాసీకే ఓటు వేస్తారు. అక్కడ ఓడిపోయింది ప్యానెల్, పైనున్న మ్యాట్ పొర కాదు. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న మ్యాట్ తెర మీ పట్టుచీరలకు ఏ లోటూ చేయదు. అందుకే అంగట్లో "మ్యాట్ ఉందా" అని మాత్రమే అడిగితే మోసపోతారు. "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ మ్యాట్ ఐపీఎస్, 300 నిట్స్‌కు తగ్గకుండా" అని అడగండి. 400 నిట్స్ దొరికితే ఇంకా మంచిది. స్పెసిఫికేషన్ కాగితంలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని కనిపిస్తే, మిగతా ప్రాసెసరు, ర్యామ్ ఎంత ఊరించినా పక్కన పెట్టేయండి.

ఓలెడ్ రంగుల్లో ఇంకో చిక్కుంది, మీ పనికి ఇది పెద్దదే. చాలా ఓలెడ్ తెరలు డీసీఐ-పీ3 అనే విశాలమైన రంగుల పరిధిని చూపిస్తాయి. ఎరుపులు, ఆకుపచ్చలు ఎస్‌ఆర్‌జీబీ కంటే గాఢంగా వెలుగుతాయి. ఆల్బమ్ ల్యాబులు సాధారణంగా అడిగేది ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్. కలర్ ప్రొఫైల్ (తెర రంగులు ఎట్లా ఉంటాయో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే చిన్న ఫైలు) సరిగ్గా పెట్టుకొని ఫోటోషాప్‌లో చూస్తే ఇబ్బంది లేదు. ప్రొఫైల్ పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో అదే ఫోటో తెరిస్తే పారాణి, కుంకుమ, మెరూన్ పట్టు అన్నీ ఎగిసిపడతాయి. "ఎరుపు జాస్తి అయింది" అని మీరు తగ్గిస్తారు. కాగితం మీద పెళ్లికూతురు పాలిపోయి వస్తుంది. పోయినసారి చీర మాడింది, ఈసారి వెలిసిపోతుంది. దీనికి తోడు ఫోటోషాప్ పట్టీలు రోజుకు పది గంటలు కదలకుండా ఒకేచోట వెలుగుతుంటే కొన్నేళ్లకు ఓలెడ్ తెర మీద వాటి మచ్చ పడే ప్రమాదం ఉంది. సినిమాలు చూసేవాళ్లకు ఈ భయం తక్కువ, మీ పనికి ఎక్కువ.

మ్యాట్‌కు లోపాలు లేవని చెప్పను. ఇందాక చెప్పినట్టు అది వెలుగును పరుస్తుంది. ఎండ నేరుగా పడితే తెరంతా పాలు పోసినట్టయిపోతుంది. అప్పుడు గ్లాసీ అయినా తల పక్కకు జరిపి చూడొచ్చు, మ్యాట్‌లో ఆ దారి కూడా ఉండదు. కొన్ని మ్యాట్ తెరల్లో తెల్ల పేజీ మీద చక్కెర పొడి చల్లినట్టు సన్నటి మెరుపు కనిపిస్తుంది. నాకైతే అది చికాకు, కొందరు గమనించను కూడా గమనించరు. కిటికీలు మూసి, చీకటి గదిలో వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాడు ఇదే ప్రశ్న అడిగివుంటే నేను గ్లాసీ ఓలెడే చెప్పేవాణ్ణి. మీ ఆయన పెళ్లి వీడియోలు కూడా మొదలుపెట్టి, వెనక గదిలో రాత్రిపూట కట్ చేస్తానంటే అది వేరే లెక్క.

ఈ రెండిటికీ నడుమ మూడో రకం ఒకటుంది, అంగళ్లలో దాని పేరు చెప్పేవాళ్లు తక్కువ. నున్నటి అద్దమే, పైన ప్రతిబింబాన్ని తగ్గించే పూత. మీ ఆయన కెమెరా లెన్సును వాలుగా పట్టుకుంటే ఊదారంగో ఆకుపచ్చో ఛాయ కనిపిస్తుంది చూడండి, అదే పూత. మెగ్నీషియం ఫ్లోరైడ్ లాంటి పదార్థాన్ని వెలుగు తరంగంలో నాలుగో వంతు మందంతో, అంటే సుమారు 100 నానోమీటర్లు, పూస్తారు. పూత పైనుంచి తిరిగొచ్చే వెలుగు, కిందినుంచి తిరిగొచ్చే వెలుగు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 4 శాతం ఒకటిన్నర లోపలికి వస్తుంది. పదును పోదు, నలుపు పోదు. వేలిముద్రలు మాత్రం బాగా కనిపిస్తాయి. మీ 80 వేలలో మంచి పూత దొరకడం కష్టం కాబట్టి దాని కోసం వెతకమని చెప్పను.

పెద్ద కంపెనీలు కూడా ఈ విషయంలో అటూ ఇటూ తిరిగినవే. 2008లో యాపిల్ తన మ్యాక్‌బుక్ ప్రోలకు నిగనిగలాడే అద్దం పెట్టింది. 2009లోనే 17 అంగుళాల మోడలుకు అదనపు డబ్బు తీసుకొని మ్యాట్ తెర ఇచ్చింది. 2012లో వచ్చిన రెటీనా మోడళ్లలో ఆ అవకాశం లేదు. 2024లో మళ్లీ నానో-టెక్స్చర్ పేరుతో, అద్దాన్నే సన్నగా గరుకు చేసి, అదనపు ధరకు తెచ్చింది. పని చేసేవాళ్లకు మ్యాట్ అవసరం తీరిపోలేదన్నమాట.

గ్లాసీ కొని పైన మ్యాట్ షీటు అంటించడం? వద్దు. షీటుకు, అద్దానికి నడుమ ఇంకో పొర చేరుతుంది. పదును తగ్గుతుంది, తెలుపు మీద ఇంద్రధనుస్సు చుక్కలు పుడతాయి, అంచుల్లో దుమ్ము చేరి బుడగలు లేస్తాయి. బిల్లులు రాసుకునేవాళ్లు అంటించుకోవచ్చు. మొహం రంగు చూసి సరిచేసే పనికి అది పనికిరాదు. అంతకంటే నల్ల ఫోమ్ షీటుతోనో, నల్ల వెల్వెట్ గుడ్డ అంటించిన అట్టతోనో తెరకు పైనా రెండు పక్కలా గొడుగులాగా కట్టుకోండి. స్టూడియోవాళ్లకు నల్లగుడ్డ విలువ నేను చెప్పాలా.

కళ్ల సంగతి. మీ మరిది మంచి మనసుతోనే చెప్పినాడు గానీ, గ్లాసీ తెర కళ్లను పోగొట్టదు, మ్యాట్ తెర కళ్లకు మందూ కాదు. తెర మీ కంటికి 2 అడుగుల్లో ఉంటుంది, అందులో కనిపించే వీధి 20 అడుగుల అవతల. కన్ను దీనికీ దానికీ నడుమ లాగుడు పడుతుంది. ప్రతిబింబం తప్పించుకోవడానికి మెడ వంకరపెట్టి కూర్చుంటారు. ఈ రెండు బాధలూ కుర్చీ తిప్పితే తగ్గుతాయి. మంటకు ఇంకో కారణం, తెర చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, దానికి తోడు ఫ్యాను మొహానికి కొడుతుంటే కళ్లు ఎండిపోతాయి. ఫ్యాను గాలి పక్కకు మళ్లించండి. 43 ఏళ్లంటే చత్వారం వచ్చే వయసు. కంటి డాక్టరు దగ్గరికి పోయేముందు, కూర్చున్నప్పుడు కంటికీ తెరకూ ఎంత దూరముందో టేపుతో కొలిచి ఆ అంకె చెప్పండి. పుస్తకం చదివే దూరానికి ఇచ్చిన అద్దాలు ల్యాప్‌టాప్ దూరానికి సరిపోవు. సరిపోని అద్దాలతో గడ్డం పైకెత్తి చూస్తూ "స్క్రీన్ వల్ల మెడనొప్పి" అనుకునేవాళ్లను చాలామందిని చూసినాను. ఈ పరీక్ష ల్యాప్‌టాప్ కొనేముందే చేయించుకోండి.

పాత ల్యాప్‌టాప్‌ను అమ్మొద్దు. 6 ఏళ్లదానికి వచ్చేది ఏపాటి? బిల్లులకు, ఫోటోల బ్యాకప్‌కు ఉంచుకోండి, ఆల్బమ్ చూపించమని వచ్చే కస్టమర్లకు కూడా అదే. మెరుపు వాళ్లకు నచ్చుతుంది, దాని మీద మీరు రంగులు సరిచేయరు కాబట్టి నష్టం లేదు. కాకపోతే చూపించేటప్పుడే "ఇది కంప్యూటర్ వెలుగమ్మా, పేపరు మీద కొంచెం నెమ్మదిగా ఉంటుంది" అని చెప్పండి. ఇంకో దారి కూడా ఉంది. పాత ల్యాప్‌టాప్ వేగం మీకు సరిపోతుంటే కొత్తది కొనకుండా, దానికే 24 అంగుళాల మ్యాట్ ఐపీఎస్ మానిటర్ ఒకటి తగిలించుకోవచ్చు. టేబుల్ మీద పెట్టుకునే మానిటర్లు ఎక్కువగా మ్యాట్‌వే వస్తాయి, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ కూడా సులువుగా దొరుకుతుంది. మీరు ల్యాప్‌టాప్‌ను మండపాలకు మోసుకొని పోతారో లేదో రాయలేదు. మోయకపోతే నా ఓటు దీనికే. మిగిలిన డబ్బులో, తెలిసిన నలుగురు స్టూడియోవాళ్లతో కలిసి తెర రంగులు కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ ఒకటి కొనుక్కోండి. స్పైడర్, క్యాలిబ్రైట్ అని వస్తాయి. ఒక్క పరికరాన్ని నెలకొకసారి అందరూ వాడుకోవచ్చు.

నల్లగా వచ్చిన ఆ ఆల్బమ్ పారేయలేదు కదా? పారేయొద్దు. అంగడికి పోయేటప్పుడు అందులోంచి మెరూన్ చీర ఉన్న షీటు ఒకటి, అప్పుడు ల్యాబుకు పంపిన అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో, ఒక తెల్ల షీటు తీసుకొనిపోండి. షోరూములో తెరలన్నీ ఫుల్లు వెలుగులో, వాళ్ల డెమో వీడియోలతో ఉంటాయి. అది ఆపించండి. మొదట తెర ఆపేసి అందులో షోరూము దీపాలు ఎట్లా కనిపిస్తున్నాయో చూడండి. తర్వాత తెల్ల పేజీ తెరిచి చక్కెర మెరుపు ఉందేమో చూడండి. మన అక్షరాలతో కూడా పరీక్ష పెట్టండి. ఆల్బమ్ అట్ట మీద వేసే "లక్ష్మీ", "కృష్ణ", "జ్ఞాన" లాంటి పేర్లు చిన్న సైజులో టైపు చేయండి. ఒత్తులు, గుడులు విడివిడిగా కనపడాలి. ఇంగ్లీషు అక్షరాలకు చాలే తెర మన ఒత్తులకు చాలకపోవచ్చు. ఆ పైన బ్రైట్‌నెస్‌ను తెల్ల షీటుకు సమానంగా దించి, ఆ పాత ఫైలు తెరిచి, నల్లబడిన షీటును పక్కన పట్టుకోండి.

చీరను మెరిపించి చూపిస్తున్న తెర మీ పాత ల్యాప్‌టాప్ చేసిన పనే మళ్లీ చేస్తోంది. షీటులో ఉన్నట్టే, మాడిపోయినట్టే చూపించే తెర ఏదుందో దానికి డబ్బు కట్టండి.